తిరుమలరావు గారి సీసాల ఆర్చి

"ఇకపై గోపాలపట్నం చెత్తకు భయపడదు. చెత్తే గోపాలపట్నానికి భయపడుతుంది!" అని మా కార్పొరేటర్ తిరుమలరావు గారు మైకులో ప్రకటించినప్పుడు నేను ఒళ్ళు మరిచి చప్పట్లు కొట్టాను. ఇంట్లో వాడేసిన వస్తువుల్ని మళ్ళీ వాడుకోవాలని చాటడానికి మంత్రి గారు వస్తున్నారట. ఆయన వచ్చే దారిలో పారేసిన ప్లాస్టిక్ సీసాలతో ఆర్చి కట్టాలన్నది తిరుమలరావు గారి సొంత ఐడియా. ఇలాంటివి ఆయనకు స్నానం చేస్తుండగా వస్తాయి. మా వార్డుకు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి దేశం కొంత నష్టపోతోంది.

ఇల్లిల్లూ తిరిగినా పారేసిన సీసా ఒక్కటీ దొరకలేదు. కూల్‌డ్రింకు తాగి సీసా పారేసే రకం కాదు మావాళ్ళు. ఫ్రిజ్‌లో నీళ్ళకొకటి, ఊరి నుంచి వచ్చే నువ్వుల నూనెకొకటి, అడుగు కోసి మొక్కకొకటి పెట్టుకుంటారు.

"సిగ్గుసేటు!" అన్నారు తిరుమలరావు గారు. "ఈ జనానికి రీసైక్లింగ్ మీద బొత్తిగా అవేర్‌నెస్ లేదు. ఒక్కడూ సీసా పారెయ్యడే!"

"కాశమ్మ దగ్గర బోలెడున్నాయి బావా," అన్నాడు ఆయన కుడిభుజం ఎల్లారావు.

కాశమ్మ సింహాచలం మెట్ల దగ్గర మజ్జిగ అమ్ముతుంది. పాత సీసాల్లో బియ్యపు గింజలేసి గిలక్కొట్టి, కడిగి, వాటిలోనే మజ్జిగ పోసిస్తుంది. తాగినవాళ్ళు సీసా తిరిగి ఇచ్చేస్తారు. ఆవిడ కూడు ఆ సీసాల మీదే. ఎల్లారావు గోనెసంచీతో వెళ్ళాడు.

"ఏటి బాబూ, నా సీసాలట్టుకెల్తన్నావు? రేపు నాను దేంట్లో పోసి అమ్మీది?"

"పాత సీసాలే కదేటి?"

"పాతవే గానీ ఖాళీవి కావు బాబూ!"

"ఖాళీ సేసేత్తాన్లే," అని ఎల్లారావు మజ్జిగంతా కాలవలో పారబోశాడు. తడి చెత్త, పొడి చెత్త ఇంత చక్కగా విడదీసిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

కాశమ్మ ఏడుస్తూ కార్పొరేటర్ గారింటికి వెళ్ళింది. "మీటింగవ్వగానే ఒక్కటీ తగ్గకుండా ఇచ్చేస్తాను. నామీద నమ్మకం లేదేటి?" అన్నారాయన. ఆవిడకు లేదు. కానీ చేసేదేముంది?

ఆర్చి దేదీప్యమానంగా లేచింది. మంత్రి గారు దాని కింద నిలబడి, ఏ వస్తువునూ ఒకసారి వాడి పారెయ్యొద్దని గంటసేపు చెప్పారు. తిరుమలరావు గారు మాట తప్పలేదు. మంత్రి గారి ముందే ఆర్చి విప్పించి, కాశమ్మకు శాలువా కప్పి, సీసాల గోనె ఆవిడ చేతిలో పెట్టించారు.

"సార్, పాత సీసాలో మజ్జిగ తాగుతున్నట్టు ఒక స్టిల్!" అని ఫొటోగ్రాఫరు అరిచాడు.

సీసాలు తిరిగొస్తాయన్న ఆశతో కాశమ్మ మజ్జిగ చేసే తెచ్చింది. గోనెలోంచి ఒక సీసా తీసి తిప్పి చూసింది. ఇంకొకటి తీసింది, మరొకటి తీసింది. ఆర్చి కట్టేటప్పుడు తీగ దూర్చడానికి ఎల్లారావు కాల్చిన చువ్వతో ప్రతిదానికీ అటూ ఇటూ చిల్లులు పొడిచాడు.

"పొయ్యవే, సారు సూత్తన్నారు!" అన్నారు తిరుమలరావు గారు పళ్ళ బిగువున.

"పొయ్యమంటారా బాబూ?"

"పొయ్యి!"

పోసింది. మంత్రి గారు సీసా ఎత్తి కెమెరా వైపు నవ్వారు. మజ్జిగ చొక్కా మీదుగా దిగి చెప్పుల్లోకి చేరింది.

"నా సీసాలన్నీ పాడు సేసేసినారు బాబూ," అంది కాశమ్మ.

"ఒక్కటైనా తగ్గిందా సెప్పు!" అన్నారు తిరుమలరావు గారు.

మర్నాడు మెట్ల దగ్గర కాశమ్మ కనిపించలేదు. మా చెత్తబండిలోకి మాత్రం మొట్టమొదటిసారి గోనెడు సీసాలు వెళ్ళాయి. వార్డుకు అవేర్‌నెస్ వచ్చేసిందని తిరుమలరావు గారు మైకులో ప్రకటించారు.