తువ్వాలు కింద కరెంటు

"రష్యావారు మొన్న ఆకాశంలోకి వదిలిన చుక్కను గురించి ఇరవై ఏళ్ల కిందటే సెలవిచ్చిన మహానుభావుడు మన ఆదోని తాలూకాలోనే ఉన్నాడు. కావున పురజనులెల్లరూ గర్వించవలెను."

1957 కార్తీకమాసంలో ఈ కరపత్రం ఆదోని బజారంతా పంచారు. అచ్చు వేసింది నేనే. వేయించుకున్నాయన 'మంచివాడు' అని రాసుకొస్తే నేను 'మహానుభావుడు' అని మార్చాను. నా ప్రెస్సులో పెద్ద టైపు చాలాకాలంగా ఊరికే పడి ఉంది.

ఆదోని నుంచి వెలువడే ఒక వారపత్రికకు నేను యజమానిని, సంపాదకుణ్ణి, విలేఖరిని, టైపు కూర్చేవాణ్ణి. చదివేవాళ్లలో కూడా సగం నేనేనని కిట్టనివాళ్లు అంటారు. అన్నిటికంటే ముఖ్యంగా నేను హేతువాదిని. గ్రహణం పట్టినప్పుడు పత్తి మార్కెట్టు ముందర అందరూ చూస్తుండగా నిలబడి ఉగ్గాని తిన్నాను. తర్వాత ఇంటికి పోయి తలస్నానం చేసిన మాట నిజమే, కానీ అది చెమట పట్టినందువల్ల.

కరపత్రంలోని మహానుభావుడు రంగనాయకుల స్వామివారు. ముప్ఫై ఏళ్లు ఆదోని పత్తి మార్కెట్టులో దలాలీ చేసి, ఆ తర్వాత జ్ఞానోదయమై ఎమ్మిగనూరులో ప్రవచనాలు మొదలుపెట్టారు. మామూలు స్వాములు జరిగిపోయిన యుగాల గురించి చెబుతారు. ఈయన రాబోయే యంత్రాల గురించి చెబుతారు. గాజుపెట్టెలో ఢిల్లీ మనుషులు కనబడి మాట్లాడతారన్నారు. ఎద్దులు లేకుండా మడకలు దున్నుతాయన్నారు. మీట నొక్కితే బావిలో నీళ్లు వాటంతటవే పైకి వస్తాయన్నారు. మొదటి రెండూ జనం తలూపుతూ విన్నారు. మూడోది మాత్రం నోళ్లు తెరుచుకుని విన్నారు.

దానికి కారణముంది. పెద్దకడుబూరు పక్కన కొట్టాల అని కూలివాళ్ల పల్లె ఒకటుంది. అక్కడ తాగేందుకు ఒకటే బావి, పద్నాలుగు నిలువుల లోతు. తోడేవాళ్లు ఆడవాళ్లు. కరెంటు ఇచ్చి బావికి పంపు పెట్టమని నాలుగేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. మొన్న దసరా ముందర గిలక విరిగి బసమ్మ అనే కోడలుపిల్ల చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆమె అత్త ఉరుకుందమ్మ ఆ విరిగిన గిలకను గోనెసంచిలో పెట్టుకుని ఆదోనికి నడిచివచ్చి, తాలూకా ఆఫీసు మెట్ల మీద పెట్టి పోయింది. ఆఫీసువాళ్లు దానికి ఒక నంబరు వేసి భద్రంగా దాచారు.

అలాంటి అర్జీలు మొత్తం పన్నెండు ఊళ్లవి. కరెంటు స్తంభాలు మాత్రం ఒక్క ఊరికి సరిపడా వచ్చాయి. విద్యుత్తు మంత్రిగారు రెండు వారాల్లో ఎమ్మిగనూరు వస్తున్నారు. ఈ సంకట సమయంలో మా తాలూకా పార్టీ అధ్యక్షుడు గిడ్డయ్యగారు నా ప్రెస్సుకు దయచేశారు.

"ఎడిటరప్పా, ఆ సామి సెప్పినేది నిజమో అబద్ధమో నువ్వు ఇచారణ చెయ్యాల" అన్నారు.

"నిజమైతే ఏం జేస్తారన్నా?"

"నిజమైతే పన్నెండూర్లకూ కరెంటు వస్తాదని సామే సెప్పినాడు గదా, జనం ఓపిక పడ్తారు."

"అబద్ధమైతే?"

"ఇన్నాళ్లూ రాకపోయినేదానికి సామే కారణమంటాము."

అంత నిష్పక్షపాతమైన నాయకుణ్ణి నేను చూడలేదు. వెంటనే విచారణ సంఘం ఏర్పడింది. నేనే అధ్యక్షుణ్ణి, సభ్యులెవరూ లేరు కనుక తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా జరిగాయి.

స్వామివారు ఎమ్మిగనూరులో పత్తి కుక్కిన పెద్ద బోరెం సంచి మీద కూర్చుని దర్శనమిచ్చారు. నేను నమస్కారం పెట్టలేదు. చేతులు జోడించాను గానీ అది వేరే సంగతి.

"సామీ, ఆ చుక్క ఏ సంవత్సరం వస్తాదని సెప్పినారు?"

"సంవత్సరం నోటితో సెప్పకూడదు నాయనా."

"మరి ఎట్ల సెప్తారు?"

స్వామివారు భుజం మీది తువ్వాలు తీసి నా కుడిచేతి మీద కప్పి, కింద నుంచి నా వేళ్లు పట్టుకున్నారు. నాకు అప్పుడు అర్థమైంది. మా మార్కెట్టులో పత్తి ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద కొనేవాడు అమ్మేవాడి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. పదులా, వందలా అన్నది మాత్రం ముందే పైకి అనుకుంటారు. పట్టుకున్న లెక్క మూడోవాడికి చెబితే బేరం చెడుతుంది. స్వామివారు దలాలీ మానేశారు గానీ తువ్వాలు మానలేదు.

నేను సాక్షుల కోసం ఊళ్లమీద పడ్డాను. గోనెగండ్లలో మాదన్న దొరికాడు. ఆయనకు చుక్క గురించి స్వామి నాలుగు వేళ్లు పట్టుకున్నారట. నాలుగేళ్లు చూశాడు, రాలేదు; గడువు దాటిన లెక్క గనుక ఇప్పుడు నాతో అన్నాడు. "తప్పు సామిది కాదప్పా. పొలం పనికి నా చెయ్యి మొద్దుబారి ఉండాది. ఆయప్ప ఎన్ని పట్టుకున్యాడో నాకే సరిగా తెల్సిండదు" అన్నాడు. మరొకాయనకు మూడు. ఇంకొకాయనకు చెయ్యి మొత్తం. ఒకరి లెక్క ఒకరికి తెలియదు. కరపత్రం వేయించినది ఆస్పరి సుంకప్ప. ఆయనకు రెండు వేళ్లు.

"రెండంటే రెండేండ్లే అనుకుంటిని. రాలేదు. మొన్న పేపర్లో చుక్క సంగతి వచ్చినంక తెల్సింది, రెండంటే రెండు పదులని" అన్నాడు సుంకప్ప. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

"పదులని సామి ఆపొద్దు సెప్పినాడా?"

"సెప్పలేదు. మనమే తెలుసుకోవాల."

నా జన్మ ధన్యమైంది. పద్నాలుగు పేజీల నివేదిక రాశాను. 'ఒక్కొక్కరికీ ఒక్కొక్క లెక్క చెప్పి, ఆ లెక్క దేనిదో చెప్పక, ఎవరూ ఎవరితోనూ అనకూడదని కట్టడి చేసినచో ప్రపంచములో ఏ జోస్యమూ తప్పిపోవుటకు అవకాశము లేదు' అని ముగించాను. ఆ వాక్యం నాకే ఎంత నచ్చిందంటే, కొట్టాలకు పోయి అర్జీ పెట్టినవాళ్లకు చదివి వినిపించాను. ఉరుకుందమ్మ అంతా విని, "అయితే ఉత్తదే అంటావు" అంది. ఉత్తదేనన్నాను. "అది పేపర్లో ఎయ్యప్పా. సామి సెప్పినాడని మా మొగోళ్లు అర్జీ సంగతే మర్చిపోయినారు" అంది. తప్పకుండా వేస్తానని మాట ఇచ్చాను. మాట ఇవ్వడంలో నేనెప్పుడూ వెనకాడలేదు.

మంత్రిగారు ఎమ్మిగనూరు ట్రావెలర్స్ బంగళాలో దిగారు. గిడ్డయ్యగారు నన్ను లోపలికి పంపారు. మంత్రిగారు నివేదికను ఆసాంతం చదివారు. మళ్లీ మొదటినుంచి చదివారు. స్వామికి సంకెళ్లు వేయిస్తారని నేను గుమ్మంవైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇది పచ్చి మోసం కదండీ" అన్నారు మంత్రిగారు.

"అవునండీ."

"ఎన్నాళ్ల నుంచి చేస్తున్నాడు?"

"ఇరవై ఏళ్లుగానండీ."

"ఒక్కరూ తిరగబడలేదా?"

"లేదండీ. తమ వేళ్లదే తప్పనుకుంటున్నారు."

మంత్రిగారు పక్కనున్న ఇంజనీరుగారివైపు తిరిగారు. "విన్నారా? మీరేమో ప్లాన్ అని, టార్గెట్ అని, సంవత్సరం అచ్చువేసి పంచుతారు. ఆ కాగితం పట్టుకుని జనం నా మీదికి వస్తారు. ఇక్కడ ఒక దలాలీ ఆయన ఖర్చు లేకుండా ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు."

"ఇంప్లిమెంట్ చేయమంటారా సార్?" అన్నారు ఇంజనీరుగారు.

"తువ్వాలు వద్దు. నా శాలువ తీసుకురండి."

ఆ ఉదయం నేను చూసినంత చక్కని పరిపాలన మళ్లీ చూడబోను. పన్నెండు ఊళ్ల పెద్దలు వరసగా లోపలికి వచ్చారు. మంత్రిగారు ఒక్కొక్కరి చెయ్యి తన పట్టు శాలువ కింద పట్టుకుని, కళ్లలోకి చూసి, వేళ్లు నొక్కారు. ఎవరూ 'ఎన్నేళ్లు' అని అడగలేదు. మంత్రిగారంతటివాడు మార్కెట్టు మర్యాద పాటిస్తే తాము తప్పడమేమిటని అనుకుని ఉంటారు. కొట్టాల పెద్దమనిషి అయితే ఆ చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, ఏదో జారిపోతుందన్నట్టు అలాగే బయటికి నడిచాడు. గంటలో పన్నెండు అర్జీలు పరిష్కారమయ్యాయి. రంగనాయకుల స్వామివారిని విద్యుత్తు సలహా సంఘంలోకి తీసుకున్నారు.

చివరికి నేను మిగిలాను.

"ఎడిటర్ గారూ, ఈ నివేదిక మీ పత్రికలో వేస్తారా?" అన్నారు మంత్రిగారు.

"వేస్తానండీ. పత్రికాధర్మం."

"వేయండి, వేయండి. మీవంటి మేధావులు పౌరసంబంధాల శాఖలో ఉండవలసినవాళ్లు. కర్నూలులో ఒక ఉద్యోగం ఖాళీగా ఉందని ఎవరో అన్నారు."

అని నా చెయ్యి శాలువ కిందికి తీసుకున్నారు. అది మోసమని పద్నాలుగు పేజీలు రాసినవాణ్ణి నేను. చెయ్యి లాక్కోవాలని అనుకున్నాను కూడా. శాలువ చాలా మెత్తగా ఉంది. మంత్రిగారు రెండు వేళ్లు నొక్కారు.

నేను దండం పెట్టి బయటికి వచ్చాను.

రెండు రోజుల తర్వాత మంత్రిగారి పర్యటన మీద ప్రజాభిప్రాయం సేకరించడానికి కొట్టాలకు బయలుదేరాను. దారిలో స్తంభాలు వేసుకున్న ఎద్దులబండ్లు నా ముందే పోతున్నాయి. పల్లె దగ్గర పడగానే అవి గిడ్డయ్యగారి నారింజ తోటవైపు మళ్లాయి. ఆ తోటకు ఎన్ని వేళ్లు నొక్కారో నేను విచారించలేదు. నా విచారణ సంఘం అప్పటికే రద్దయింది.

బావి దగ్గర ఉరుకుందమ్మ తోడుతోంది. గట్టు మీద బసమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రాప్పా. మా మొగోళ్లు నవ్వుకుంటా వచ్చినారు ఆపొద్దు" అంది ఉరుకుందమ్మ. "ఎన్నేండ్లకు అని అడిగితే సెప్పకూడదంటారు. బేరం సెడ్తాదంట. నీళ్లు తోడేది మేము, బేరం వాళ్లదా?"

"మీరు గూడా పోయి అడగాల్సింది."

"పోతిమి. ఆడోళ్ల చెయ్యి మంత్రి పట్టుకోకూడదని గిడ్డయ్య గేటుకాడనే నిలబెట్టినాడు." తాడు లాగడం ఆపకుండానే అడిగింది, "అది ఉత్తదేనని రాసినావు గదా, యాడ? పేపర్లో ఎప్పుడు ఏస్తావు?"

"ఏస్తాను."

"ఎన్నాళ్లకు?"

"అది సెప్పకూడదు" అన్నాను.

నోరు జారిందని నాకు అప్పుడే తెలిసింది. ఉరుకుందమ్మ బక్కెట గట్టు మీద పెట్టింది. నా ముఖం చూడలేదు, నా కుడిచెయ్యి చూసింది. నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను.

"నీదీ పట్టుకున్యాడా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మా పత్రికను పాఠకులు తిట్టడం నాకు అలవాటే. ఆమె తాడు తీసి నా ముందుకు చాపింది.

"బసమ్మ చెయ్యి ఇంగా అతుక్కోలేదప్పా. ఈడ ఒక చెయ్యి తక్కువుండాది. పట్టు."

పట్టుకున్నాను. పద్నాలుగు నిలువుల తాడు. మొదటి బక్కెట సగంలో ఉండగానే ఆయాసం వచ్చింది. మూడోదానికి అరచేతుల తోలు లేచిపోయింది. అయినా ఆపలేకపోయాను, ఎందుకంటే బసమ్మ నన్నే చూస్తోంది. పద్దెనిమిదేళ్లుంటాయి ఆ పిల్లకు. ఆమె ముఖంలో కోపమైనా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆరు బక్కెట్లయ్యాక ఉరుకుందమ్మ తాడు తీసుకుని, "ఇంగ సాలు పో" అంది.

ఆ వారం 'విద్యుచ్ఛక్తి మంత్రివర్యుల పర్యటన దిగ్విజయం' అని మొదటి పేజీలో వేశాను. బొబ్బలెక్కిన చేతులతో అక్షరాలు పేర్చడానికి రెండింతల సమయం పట్టింది. నివేదిక వేయడానికి ఆ సంచికలో చోటు చాలలేదు. ఆ తర్వాతి సంచికల్లోనూ చాలలేదు.

కర్నూలు నుంచి ఉత్తరం వస్తుందేమోనని పోస్టుమాన్ గంట వినబడ్డప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. నిన్నటితో రెండు నెలలు నిండాయి. ఉత్తరం రాలేదు. రెండంటే నెలలు కాదని ఇప్పుడు తెలిసింది.