తనకు తానే పెట్టుకున్న బొట్టు

మంగళవారం పొద్దున ఏడుంబావుకి ఏలూరులో కోటిలింగం ఇంట్లో మిక్సీ, ఫ్యాను, భార్య ఒకేసారి ఆగిపోయాయి.

ఇందులో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఏడాదికి ఒకటో రెండో ఆగుతూనే ఉంటాయి. వాడుకున్నన్నాళ్ళూ ఒక మంచి మాట అనకపోతే ఏదైనా ఆగుతుందని కృతజ్ఞతా శాఖ వాళ్ళు గోడల మీద రాయించారు కూడా. ఆ గోడల పక్కనుంచే జనం రోజూ ఆఫీసులకి వెళ్తారు.

కోటిలింగం సర్వే ఆఫీసులో హెడ్ గుమాస్తా, పద్ధతి తెలిసిన మనిషి. ముందు ఫ్యూజు చూశాడు. బాగానే ఉంది. వంటింట్లోకి వెళితే హైమావతి పొయ్యి ముందు నుంచుని ఉంది. ఒక పక్క చారు గిన్నె, చేతిలో పోపు గరిటె. గరిటెలో ఆవాలు అప్పుడే చిటపటమంటున్నాయి. "ఏమేవ్" అన్నాడు. పలకలేదు. ఇరవై ఏడేళ్ళలో ఆమె పలకకపోవడం అదే మొదలు. పొయ్యి ఎటు తిప్పితే ఆరుతుందో తెలియక అటూ ఇటూ తిప్పి, నాలుగోసారికి ఎలాగో ఆపాడు.

శాఖకి ఫోను చేస్తే సాయంత్రం నాలుగింటికి మనిషొస్తాడన్నారు. సరే, అందాకా స్నానం చేద్దామని వెళ్ళాడు. బకెట్లో నీళ్ళు చల్లగా ఉన్నాయి. తడి ఒంటితో "తువ్వాలు" అని కేకేశాడు. కాసేపటికి తనే వణుక్కుంటూ వెళ్ళి వెతుక్కున్నాడు. తిరిగొచ్చి చూస్తే బాత్రూములో బల్బు ఇంకా వెలుగుతోంది. ఆ బల్బు దానంతటదే ఆరుతుందని ఆయన నమ్మకం. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ ఏదో ఏర్పాటు చేసుంటాడనుకునేవాడు. ఎంతసేపు చూసినా అది ఆరలేదు.

అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు పాపం. భయమేసింది. హైమావతి మళ్ళీ కదలకపోతే తను బతకలేనని మొదటిసారి అనిపించింది. ఆ మాట కూడా ఆమెతోనే చెప్పుకోవాలనిపించింది. వచ్చిన చిక్కల్లా అదే.

నాలుగింటికి తనిఖీదారు సత్యానందం చేతిసంచీతో వచ్చాడు. సాక్షి సంతకానికి పక్కింటి వీరభద్రాన్ని పిలిపించాడు. ఏలూరులో దసరాకి ఇంట్లో యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టడం ఆచారం కాబట్టి, శాఖ ఆ బొట్టునే కృతజ్ఞత కింద లెక్కేస్తుంది.

"మిక్సీకి బొట్టు ఎవరు పెట్టారు?"

"మా ఆవిడండి."

"ఫ్యానుకి?"

"తనే స్టూలెక్కి పెట్టింది. స్టూలు మాత్రం నేనే పట్టుకున్నాను."

సత్యానందం 'స్టూలు పట్టుట' అని రాసుకున్నాడు. "మరి మీకు?"

"పండగకి తనే పెడుతుందండి."

"అందుకే మీరింకా నడుస్తున్నారు. ఆవిడకి?"

"ఆవిడకి రోజూ ఉంటుందండి, ఇంత బొట్టు. చూడండి."

"ఎవరు పెట్టారు?"

"తనే పెట్టుకుంటుంది, అద్దం ముందు."

"ఎవరికి వాళ్ళు పెట్టుకున్నది చెల్లదండి" అన్నాడు సత్యానందం. మిక్సీ, ఫ్యాను ఆవిడ ఉన్న లైను మీదే ఉండబట్టి ఆగాయట. స్క్రూడ్రైవరుతో తట్టగానే రెండూ తిరిగాయి.

"పోనీ, నోటితో ఎప్పుడైనా చెప్పారా? తేదీ ఉంటే చాలు."

"ఇంట్లో వాళ్ళకి థాంక్సేంటండీ, పరాయివాళ్ళలాగా?"

"ఆ జవాబు ఫారంలోనే ఉంది, టిక్కు పెట్టండి. అందరూ అదే చెబుతున్నారని పోయినేడు అచ్చు వేయించాం."

కోటిలింగం టిక్కు పెట్టాడు. ఆ కింద 'ఆమెకు ఇష్టమైన కూర' అని ఉంది. ఇదొక్కటి తెలుసనుకుని గుత్తి వంకాయ అని గుండ్రంగా రాశాడు.

వీరభద్రం తొంగిచూసి మొహమాటంగా దగ్గాడు. "అది మీకిష్టం అన్నయ్యగారూ. వదినగారు వంకాయ ముట్టరు, ఒళ్ళు దద్దుర్లొస్తాయి. మా ఆవిడ చెబుతుంటుంది."

కోటిలింగం కలం కింద పెట్టేశాడు. వారానికి రెండుసార్లు వండేది. ఆమె తినేదో లేదో ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు చెబితే పనికొస్తుందా?" అని అడిగాడు.

"చెప్పండి. ఆగాక చెప్పినవి రికార్డుకి మాత్రం ఎక్కుతాయి."

కోటిలింగం పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. "ఆ బల్బు నువ్వే ఆర్పుతున్నావుటే" అన్నాడు. "నాకు తెలియలేదే హైమా. నీ చలవ వల్లే ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నాను."

హైమావతి చెయ్యి కదిలింది. గరిటెని చారులోకి వంచింది. పొద్దుటి పోపు కాబట్టి చుయ్యిమనలేదు.

"పోపు చల్లారిపోయిందండీ" అంది. అని, మళ్ళీ ఆగిపోయింది.

"మధ్యలో ఆగిన పని పూర్తి చేసి ఆగడం వీళ్ళకి అలవాటు" అన్నాడు సత్యానందం, సంచీ సర్దుకుంటూ. "ఇంతకన్నా ఆశ పెట్టుకోకండి." కోటిలింగం చెప్పిన ధన్యవాదం శాఖకి అందినట్టు రసీదిచ్చి, వెళ్ళిపోయాడు.

కోటిలింగం అన్నం వండుకోబోయి మాడ్చుకున్నాడు. ఆ మాడన్నంలోనే చారు పోసుకుని, ఆమె పక్కన నేల మీద కూర్చుని తిన్నాడు. "ఉప్పు సరిపోయింది" అని చెప్పాడు. ఆ తర్వాత కుంకుమ భరిణె తెచ్చి, ఆమె పెట్టుకున్న బొట్టు మీదే తను ఇంకో బొట్టు పెట్టాడు. ఇప్పటికీ రోజూ పెడుతున్నాడు. ఆమె పొయ్యి ముందే ఉంది. తనకి మళ్ళీ దసరాకి బొట్టు పెట్టేవాళ్ళెవరన్నది ఆయనింకా ఆలోచించలేదు.

ఆ సాయంత్రం వీరభద్రం మనసు పాడై ఇంటికి వెళ్ళాడు. భార్య రాజ్యం గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆయన ఎదురుగా చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంటండీ?" అంది, తలెత్తకుండానే.

"ఏం లేదు. మన మిక్సీ బానే తిరుగుతోందా?"

"బానే తిరుగుతోంది."

"హమ్మయ్య" అనుకుని వీరభద్రం లోపలికెళ్ళి, ఫ్యాను వేసుకుని, కాళ్ళు చాపుకున్నాడు. "రాజ్యం, మంచినీళ్ళు" అన్నాడు. నీళ్ళొచ్చాయి.