హిమోగ్లోబిన్‌కు అతికించిన ఇనుము

మార్కాపురం ప్రాంతంలో విజ్ఞానశాస్త్రం ఆశించినదానికంటే ఎక్కువగా వికసించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ వికాసం పుల్లలచెరువు వైపున్న ఒక బాలికల జూనియర్ కళాశాలలో జరిగింది. పేరు చెప్పను. చెబితే మిగతా కళాశాలలు నొచ్చుకుంటాయి.

అక్కడ జీవశాస్త్రం చెప్పే శ్రీకాంత్ గారు మహా పట్టుదల గల మనిషి. హిమోగ్లోబిన్ గోళాకార ప్రోటీన్ అనీ, అందులో నాలుగు గొలుసులు ఉండచుట్టుకుని ఉంటాయనీ, ఒక్కో గొలుసు మడతలో హీమ్ అనే ఒక వలయం, దాని నడుమ ఇనుము ఉంటాయనీ, ఆ ఇనుమే ప్రాణవాయువును పట్టుకుంటుందనీ పిల్లలచేత వల్లె వేయించారు. నీళ్లంటే గిట్టని భాగాలు లోపలికి ముడుచుకుని, నీళ్లు కావలసినవి బయటికి తిరిగి ఉంటాయన్న సంగతి మాత్రం చెప్పకుండానే అర్థమైంది. నీళ్ల ట్యాంకర్ వచ్చిన రోజు కళాశాల హాస్టల్ మొత్తం బయటే ఉంటుంది.

పైఅధికారి తనిఖీకి వస్తున్నారని తెలియగానే ప్రతి పిల్లా ఒక హిమోగ్లోబిన్ నమూనా చేయాలని ఆజ్ఞ అయింది. గొలుసులకు ఊలుదారం, హీమ్‌కు అట్టముక్క దొరికాయి. ఇనుము దగ్గరే చిక్కొచ్చింది. కొందరు పూసలు అంటించబోతే శ్రీకాంత్ గారు మండిపడ్డారు. శాస్త్రంలో అబద్ధం కూడదట. అదృష్టవశాత్తూ, పిల్లలు వారం వారం మింగాలని సర్కారు పంపిన నీలం రంగు ఐరన్ మాత్రలు అప్పుడే వచ్చి ఉన్నాయి. నమూనాకు నాలుగు చొప్పున జిగురుతో అంటించేసరికి పెట్టె ఖాళీ అయింది. సర్కారు మందును ఇంత శ్రద్ధగా వాడిన సంస్థ మరొకటి ఉంటే చూపించండి.

తనిఖీ రోజున వివరించే బాధ్యత ఫెబీకి అప్పగించారు. తరగతిలో ఫస్టు ఆ అమ్మాయే. రక్తం మరీ తక్కువుంది, మాత్రలు తప్పకుండా మింగించండని వాటిని తెచ్చిన నర్సు చెప్పిందీ ఆ అమ్మాయి గురించే. తల్లి మగ్దలీనమ్మ కంది కోత మానుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఫెబీ గొలుసులు చెప్పింది, మడతలు చెప్పింది. "ఇనుము లేకపోతే ఒంటికి ప్రాణవాయువు సరిగా అందదు" అని చెప్పి, అక్కడే కుప్పకూలింది. చేతిలోని నమూనాను శ్రీకాంత్ గారు చటుక్కున అందుకున్నారు. సభ ఊపిరి పీల్చుకుంది.

అధికారి గారు లేచి చప్పట్లు కొట్టారు. "థియరీని ప్రాక్టికల్‌తో ఇంత సహజంగా కలిపిన కళాశాలను నా సర్వీసులో చూడలేదు!" అన్నారు.

మగ్దలీనమ్మ బిడ్డ తల ఒళ్లో పెట్టుకుంది. "ఏంది సారూ, మాత్రలు వచ్చినాయని నర్సమ్మ చెప్పింది గదా! నా బిడ్డకు ఒక్కటన్నా ఇయ్యలేదే?"

సమాధానంగా ఆమెకు నమూనాలు చూపించారు. ఆమె చెయ్యి చాచి ఒక మాత్ర పీకబోయింది.

"ఆగమ్మా! ఇంకా మార్కులు వెయ్యలేదు. ఇనుము తగ్గితే అది హిమోగ్లోబినే కాదు" అని శ్రీకాంత్ గారు అడ్డుపడ్డారు.

అప్పుడు ఫెబీ కళ్లు తెరిచి తల్లి చెయ్యి పట్టుకుంది. "పీకొద్దమ్మా, మార్కులు పోతాయి. నేను లేస్తాలే."

సభలోని తల్లిదండ్రులు మురిసిపోయారు. పిల్లంటే అట్లుండాలన్నారు.

ఈ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. అది ఏ కళాశాల, హాస్టల్లో చోటుందా, మా అమ్మాయిని చేర్చుకుంటారా అని ఒకటే అడుగుతున్నారు. ఫెబీ ఎట్లా ఉందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీరు తప్పకుండా అడుగుతారు, నాకు తెలుసు. ముందు సీటు ఖాయం కానివ్వండి.