నడిమి ముక్కలు

నారాయణఖేడ్‌లో మాణిక్యప్ప ఇల్లెక్కడని అడిగితే ఏ మాణిక్యప్ప అని ఎదురడుగుతారు. మస్కా మాణిక్యప్ప అంటే మాత్రం బస్టాండు దగ్గరి సోడాబండి వాడు కూడా బండి వదిలేసి వచ్చి ఇల్లు చూపిస్తాడు. రోడ్ల ఇంజనీరు ఆఫీసులో ఆయన గుమాస్తా. పై అధికారి తుమ్మితే చిరంజీవ అంటాడు, దగ్గితే తన గొంతు సవరించుకుంటాడు. ఊళ్ళో వాళ్ళందరికీ రాయగా రాయగా ఆ వెన్న ఇంటికొచ్చేసరికి అయిపోయేది. భార్య అక్కమ్మ వంతుకు ఏమీ మిగిలేది కాదు.

ఎనభైల్లో ఒక చలికాలం ఆయనకు రెండు విషయాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఆఫీసు వెనక సర్కారు క్వార్టరొకటి ఖాళీ అయింది. లోపలే నల్లా ఉన్న క్వార్టరు. దాని మీద ఈయన కన్నూ, పక్క టేబుల్ భూమన్న కన్నూ పడ్డాయి. రెండోది, నాగల్‌గిద్దలో అక్కమ్మ చెల్లెలు మణెమ్మకు నెలలు నిండాయి.

ఈ రెండోదాన్ని మాణిక్యప్ప లెక్కలోకి తీసుకోలేదు. అక్కమ్మకు అదే లోకమైంది. తల్లి లేని అక్కాచెల్లెళ్ళు. మణెమ్మ అత్తగారింట ఆడదిక్కు లేదు. పోయినసారి కాన్పుకు అక్క వస్తుందని ఎదురు చూసింది. అక్క పోలేదు. బిడ్డ దక్కలేదు. అక్క ఎందుకు పోలేదంటే, మాణిక్యప్పకు రొట్టె కొట్టి పెట్టేవాళ్ళు లేరు కనుక. ఆ మాట అక్కమ్మ ఎవరితోనూ అనలేదు, ఒక్క పూట కూడా మరువలేదు.

"గీసారన్న నేను పోవాలె," అంది ఆ పొద్దున.

"పో. ఎవరొద్దన్నరు? నాకు బువ్వ ఎవరు పెడ్తరో చెప్పి పో."

"నాలుగొద్దులు వండుకోరాదా?"

"మొగోడు పొయ్యి ముందర కూసుంటడా? మా ఇంటా వంటా లేదు."

"వంట లేదు, గది నిజమే. ఇంట మాత్రం మంచిగనే ఉంటున్నవు," అని ఆమె పిండి చేటలోకి వంచుకుంది.

ఆ సాయంత్రమే కథ అడ్డం తిరిగింది. కొత్త ఇంజనీరు ట్రెయినింగని ఆస్ట్రియా దేశంలో ఉండి వచ్చినవాడు. ఆయన భార్య సుమిత్రమ్మ కాకినాడ మనిషి. నాగల్‌గిద్ద కందులొచ్చాయని మాణిక్యప్ప వాళ్ళింటికి సంచి మోసుకుపోయేసరికి, ఆమె వరండాలో కూర్చుని ఏదో బిస్కెట్టును తలచుకుని బాధపడుతోంది.

"రెండు బిస్కెట్లు, మధ్యలో పుల్లటి ఎర్ర జాము. పై బిస్కెట్టుకు నడుమ గుండ్రంగా చిల్లు. ఆ చిల్లులోంచి జాము కనపడుతుంది. చలికాలం వస్తే అక్కడ ప్రతి ఇంట్లోనూ చేస్తారండీ. ఇక్కడ ఎవరు చేస్తారు?"

మా ఇంటామె చేస్తుందమ్మా అని మాణిక్యప్ప నోరు తెరవబోయాడు. అంతలో ఆమే అంది. "అక్కడ మా ఇంటి ఓనరు ముసలాయన ఆయనే స్వయంగా పిండి కలిపేవాడు. మగవాడు అలా చేస్తుంటే ఎంత ముచ్చటగా ఉండేదో. మా వారికి నీళ్ళు కాచడం కూడా రాదు."

మాణిక్యప్ప నోట్లో మాట అక్కడికక్కడే వేషం మార్చుకుంది. "గదెంత పనమ్మా. నేనే చేస్త. ఇంట్ల నాకు అలవాటే."

సుమిత్రమ్మ ముఖం వెలిగిపోయింది. మైదా, వెన్న, చక్కెర, బాదం పొడి, గుడ్డులో పచ్చసొన అని చెప్పింది. ఆదివారం ఇంజనీరుతో కలిసి ఇంటికే వచ్చి తింటామంది. మాణిక్యప్పకు ఇంటికొచ్చే దారంతా నల్లాలో నీళ్ళు పడుతున్న చప్పుడే వినిపించింది.

"ఏమే, ఆస్ట్రియా బిస్కెట్లు చెయ్యాలె."

"గదెక్కడుంది? జహీరాబాద్ అవతలనా?"

"జర్మనీ పక్కకు."

"వాళ్ళకు మనకు ఏం చుట్టరికం?"

మాణిక్యప్ప క్వార్టరు సంగతి చెప్పాడు, నల్లా సంగతి చెప్పాడు. చివరికి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. అవి నేనే చేస్త అని జెప్పిన. వాళ్ళ ముందర నువ్వు కాదనొద్దు."

అక్కమ్మ చేతిలో చేట ఆగింది. ఆయన కొంచెం పరేషాన్ అయ్యాడు.

"నువ్వు చేస్తవని జెప్పినవా?"

"ఆఁ."

"సరే. నువ్వేమంటే గదానికి నేను ఔనంట. ఒక్కటి గూడ కాదన."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆయన పొంగిపోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు దీనికి బుద్ధొచ్చిందని అనుకున్నాడు.

మరునాడు సామాను వేట మొదలైంది. బాదం కొనడానికి మనసొప్పక పల్లీలు తెచ్చాడు. జాము ఏ దుకాణంలోనూ లేదు. రేగుపండ్లు ఉడికించి బెల్లం వేస్తే సరిపోతుందని అక్కమ్మే అంది. ఇక మిగిలింది గుడ్డు. మాణిక్యప్పది మెడలో లింగం కట్టుకునే ఇల్లు. పొయ్యి మీదికి గుడ్డు రావడం ఏనాడూ లేదు. అయినా క్వార్టరు ముందు ఆచారమెంత అని, ఎవరూ చూడకుండా ఒకటి కొని చొక్కా జేబులో వేసుకున్నాడు.

సందు మలుపులో భూమన్న ఎదురొచ్చాడు. "ఏమన్నా, క్వార్టర్ నీకేనటగా," అని చేతులు చాపి గట్టిగా వాటేసుకున్నాడు.

జేబులో టప్పుమంది. పచ్చసొన లింగం మీదుగా బొడ్డు దాకా దిగింది.

"అన్నా, నీ గుండె పగిలిందా ఏంది?" అన్నాడు భూమన్న, వేళ్ళు తుడుచుకుంటూ.

అక్కమ్మ ఆ చొక్కాను కట్టెతో ఎత్తి పెరట్లో పడేసింది. "గుడ్డు లేకుంటే బిస్కెట్లు చస్తయా? వెన్న ఇంకింత ఎక్కువేస్త. పోయి తానం చేసి లింగం కడుక్కో," అంది.

ఇంట్లో భట్టీ లేదు కదా. అక్కమ్మ పెద్ద గంజులో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టింది. ఇసుక మీద బిస్కెట్లు పెట్టే పళ్ళెం, పైన మూతగా తాంబాళం, ఆ తాంబాళం నిండా నిప్పులు. పిండిలో పల్లీల పొడి, వెన్న, చక్కెర కలిపి ముద్ద చేసింది. మాణిక్యప్ప పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. చూస్తూ చూస్తూ ఆయనలోని వంటవాడు నిద్ర లేచాడు.

"చిల్లులు నేను కొడ్త. రేపు అడిగితే జెప్పనీకి రావాలె గద."

"వద్దు. పిండి ఖరాబ్ చేస్తవు."

"ఇంజనీరాఫీసుల ఇరువై ఏండ్లు జేసిన. నాకు చిల్లు కొట్టుడు రాదా?"

గుండ్రంగా చిన్నది కావాలి. ఆయన మొలలో తంబాకుతో పాటు ఎప్పుడూ సున్నం డబ్బీ ఉంటుంది. దాని మూత సరిగ్గా సరిపోయింది. అక్కమ్మ జాము కలియబెట్టే లోపల కిందివి పైవి అని చూడకుండా బిస్కెట్లన్నిటికీ చిల్లులు కొట్టేశాడు. నడుమ నుంచి ఊడిన ముక్కల్ని కూడా గంజులో పెట్టి కాల్చి, వేడివేడిగా గుప్పెడు నోట్లో వేసుకున్నాడు.

కాసేపటికి ఆయన నాలుక పట్టుకుని ఇంటి చుట్టూ పరుగు పెట్టాడు. మూత అంచున పేరుకున్న సున్నం ప్రతి బిస్కెట్టుకూ అంటింది. నెలంతా చిలికి కూడబెట్టిన వెన్న పెంట మీదికి పోయింది. సందులో కుక్క వచ్చి వాసన చూసి, మాణిక్యప్ప వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

అక్కమ్మ వెన్న గిన్నె అడుగున మిగిలిన ఇంత తెచ్చి ఆయన ముందు పెట్టింది. "అందరికి రాస్తవు గద. ఇయ్యాల నీ నాలిక్కు రాసుకో."

శనివారం ఆమె మణెమ్మ పేరు చెప్పి పక్కింట్లో వెన్న అడిగి తెచ్చింది. ఆ వెన్న అడిగేటప్పుడు ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెల్లికి పత్యం వండాల్సిన చేతులు ఏదో దేశం కాని దేశపు బిస్కెట్లకు పిండి పిసుకుతున్నాయి. ఆ కోపమంతా పిండిలోనే పెట్టి పిసికింది. అందుకేనేమో పిండి గుల్లగా వచ్చింది. టీ గ్లాసుతో గుండ్రాలు కోసి, కొబ్బరినూనె సీసా మూత కడిగి దాంతో సగం వాటికి నడుమ చిల్లులు తీసింది. ఇసుక మీద బియ్యపు గింజ వేసి, అది ఎర్రబడితేనే తాంబాళం మూసింది. రేగుపండ్ల జాము ఆ చిల్లుల్లోంచి కుంకుమబొట్టులా కనిపించింది.

మాణిక్యప్ప బిస్కెట్లన్నీ స్టీలు పళ్ళెంలో పేర్చాడు. చిల్లుల్లోంచి ఊడి కాలిన ముక్కలున్న చిన్న గిన్నెను ఆమె వైపు తోశాడు. "మంచియి పెద్దోళ్ళకు. నడిమి ముక్కలు నువ్వు తిను."

ఆ ఇంట్లో ఎప్పుడూ జరిగేది అదే. రొట్టె ఆయనకు, మాడిన అంచు ఆమెకు. పప్పు ఆయనకు, గిన్నె గోకుడు ఆమెకు. అక్కమ్మ ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. అన్నీ డబ్బాలో పోసి మూత పెట్టింది.

ఆదివారం జీపు వచ్చి వాకిట్లో ఆగింది. ఇంజనీరు, సుమిత్రమ్మ కుర్చీల్లో కూర్చున్నారు. సుమిత్రమ్మ ఒక బిస్కెట్టు కొరికి కళ్ళు మూసుకుంది. "అచ్చం అదే అనను. కానీ మా ముసలాయన కూడా దీన్ని కాదనడు. ఇసుకలో వేడి ఎంతైందని ఎట్లా తెలిసిందండీ మీకు?"

మాణిక్యప్ప నాలుక ఇంకా పొక్కులతో ఉంది. "కావాల్నంత అయ్యేదాక పెట్టినమ్మా," అన్నాడు.

తలుపు చాటు నుంచి అక్కమ్మ అందుకుంది. "ఇసుక మీద బియ్యం గింజ ఏసి చూస్తడమ్మా. ఎర్రగయితే సరి."

మాణిక్యప్పకు ప్రాణం లేచొచ్చింది. భార్య వైపు ప్రేమగా చూశాడు. అట్లా చూడడం ఆయనకు అలవాటు లేక కళ్ళు నొప్పి పెట్టాయి.

"ఎంత అదృష్టవంతురాలివమ్మా," అంది సుమిత్రమ్మ. "మామూలు వంట కూడా చేస్తారా ఈయన?"

"అన్ని చేస్తడమ్మా. జొన్నరొట్టె నాకంటె మంచిగ కొడ్తడు. పప్పు, పులుసు ఏదైన. నేను లేకున్న ఆయనకు ఏం ఫరక్ పడది." అక్కమ్మ ఒక్క క్షణం ఆగింది. "గందుకనే మా చెల్లె కాన్పుకు నన్ను ఇయ్యాలనే పొమ్మన్నడు. తల్లి లేని పిల్ల, నాగల్‌గిద్దల ఉంటది. బస్సుకు పోదామని మూట కట్టుకున్న."

మాణిక్యప్ప నోరు తెరిచాడు. కాదంటే వంట రాదని ఒప్పుకోవాలి. వంట రాదంటే బిస్కెట్లు ఎవరివో చెప్పాలి. ఔనంటే ఈ పూట నుంచి రొట్టె లేదు. ఇంజనీరు ఆయన వైపే చూస్తున్నాడు.

"ఔ సార్," అన్నాడు. "నేనే పొమ్మన్న."

"మేం ఆ రోడ్డు పని చూడడానికే పోతున్నాం. బస్సెందుకు, జీపులో ఎక్కించండి," అన్నాడు ఇంజనీరు. దారికి తోడు దొరికిందని సుమిత్రమ్మ సంబరపడింది. "ఆఁ, మాణిక్యప్పగారూ, వచ్చే ఆదివారం మా చుట్టాలొస్తున్నారు. బిస్కెట్లు మీరే చేయాలి. మీ చేతివే కావాలి," అని మరీ చెప్పింది.

అక్కమ్మ నీళ్ళ గాబు వెనక నుంచి మూట తీసింది. అది ఎప్పుడు కట్టిందో ఆయనకు తెలియదు. జీపు దాకా వెంట నడిచి, పళ్ళ సందుల్లోంచి అడిగాడు. "ఎంత మోసం చేస్తివే. ఎప్పుడొస్తవు?"

"నేనేం మోసం జెయ్యలే. నువ్వన్నదానికి ఔనన్న," అంది ఆమె, కొంగు సర్దుకుంటూ. తర్వాత ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "ఈ అబద్ధం పోయినసారే ఆడి ఉంటే నా చెల్లె బిడ్డ బతికేది. బిస్కెట్లు చేసిన పేరు నువ్వే ఉంచుకో. నాకు దాని మీద ఆశ లేదు."

జీపు పోయింది. మాణిక్యప్ప దుమ్ములో నిలబడ్డాడు.

సోమవారం క్వార్టరు భూమన్నకు ఇచ్చారు. భార్య ఊళ్ళో లేని మనిషికి ఇప్పుడు క్వార్టరెందుకు, కాస్త ఆగవచ్చు కదా అన్నాడు ఇంజనీరు. న్యాయమే. మాణిక్యప్ప ఔ సార్ అన్నాడు.

ఆ వారం ఆయన కొట్టిన జొన్నరొట్టెలు మన జిల్లా పటం ఆకారంలో వచ్చేవి. ఒకవైపు మాడి, ఒకవైపు పచ్చిగా ఉండేవి. అంచులు కోసి అవతల పారేద్దామంటే, అంచులు తప్ప తినేందుకు ఏమీ మిగిలేది కాదు. ఎవరైనా తిన్నావా అని అడిగితే, కడుపు కాలుతున్నా నవ్వి, తిన్న అనేవాడు. వంట వచ్చినవాడు కదా మరి.

శనివారం మధ్యాహ్నం జీపు డ్రైవరు హనోకు నాగల్‌గిద్ద నుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఆడివిల్ల పుట్టిందన్నా. తల్లి, బిడ్డ ఇద్దరు మంచిగున్నరు."

మాణిక్యప్ప అరుగు మీద కూర్చుండిపోయాడు. సంతోషమే కలిగింది. "మా ఇంటామె ఏమన్నది? ఎప్పుడొస్తనన్నది?"

"అడిగిన. నాకేం రంది లేదు, మా ఆయన అన్ని చేసుకుంటడు అన్నది."

హనోకు వెళ్ళిపోయాక మాణిక్యప్ప లోపలికి పోయి అక్కమ్మ వదిలిపోయిన డబ్బా తీశాడు. వారమంతా ఆయన్ను బతికించినవి ఆ నడిమి ముక్కలే. అడుగున కొన్ని మిగిలాయి. ఒకటి నోట్లో వేసుకున్నాడు. చాలా బాగుంది. బాగుందని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఉన్న రోజుల్లో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇంజనీరమ్మ చుట్టాలు రేపే వస్తారు. మాణిక్యప్ప మిగిలిన ముక్కల్ని అక్కమ్మకని డబ్బాలోనే ఉంచి, ఇసుక జల్లించడానికి పెరట్లోకి పోయాడు.