లేడంటే ఎప్పుడొస్తాడు

గుండ్లవారిపాలెం పాల సొసైటీలో సభ్యులు చనిపోయినా పూటపూటా వచ్చి పాలు పోస్తారు, ఎందుకంటే అక్కడి ప్రోగ్రాములో చావుకు మీట లేదు.

ప్రోగ్రాము తెలుగులోనే అడుగుతుంది. పూట మొదలవగానే ఒక్కో సభ్యుడి పేరు చూపి, ఉన్నాడా లేడా అంటుంది. పిచ్చయ్య పోయిన మర్నాడు సెక్రటరీ అంకమరావు 'లేడు' నొక్కాడు. పోయినవాళ్ల గురించి ఊళ్లో అనే మాటే అది. 'ఎప్పుడొస్తాడు?' అని ప్రోగ్రాము అడిగింది. జవాబివ్వందే అది ముందుకు కదలదు. బయట వరసలో క్యాన్లు ఎండలో ఉన్నాయి. అంకమరావు 'రేపు' అని కొట్టాడు. పిచ్చయ్య మర్నాడు పొద్దున వచ్చాడు.

అప్పటినుంచి పోయినవాళ్లందరికీ ఇదే పద్ధతి. వాళ్లు వరసలో నిలబడి, నంబరు చెప్పి, పాలు పోసి వెళ్తారు. ఇళ్లకు వెళ్లరు. ప్రోగ్రాములో ఇల్లు లేదు. గేదెను పితికి క్యాను మోసుకొచ్చేది పిచ్చయ్య భార్య సౌభాగ్యమ్మ. గేటు దగ్గర ఆయన చేతికిస్తుంది. పాలు ఆయన పేరున ఎక్కుతాయి. సొసైటీ ఎన్నికల్లో ఓటు కూడా ఆయనదే.

ప్రోగ్రాము ఒక్క పూట కూడా ఆగలేదని సొసైటీకి గొప్ప. కంప్యూటర్లు మారాయి, వాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు మారాయి. ప్రతిసారీ పాతదాన్ని కొత్తదానిలో నడిచేలా చేయించారు. పక్క ఊళ్ల సొసైటీల వాళ్లు వచ్చి చూసి పోతుంటారు. వాళ్ల సభ్యులు చనిపోతే రారు.

ఈ వేసవిలో మళ్లీ కొత్త కంప్యూటర్ వచ్చింది. దానితో ఒంగోలు నుంచి ఇంజినీరు నస్రీన్ వచ్చింది. పొద్దున పాలు అయ్యాక ప్రోగ్రాము ఎక్కించి చూస్తే అది తెరుచుకోలేదు. సంగతి తెలిసి సౌభాగ్యమ్మ లోపలికి వచ్చింది.

"పాపా, ఇది పోతే కొత్తది పెడతారంటగా. దాంట్లో నా పేరు ఎక్కిద్దా?"

"ఎక్కిద్ది పెద్దమ్మా. కానీ ఆయన ఇక రారు."

"వచ్చి ఆయన చేసేదేముంది? క్యాను మోసేది నేనేగా."

"అట్టంటావేంది వదినా," అన్నాడు అంకమరావు. "పోయినాక కూడా టయానికొచ్చే మొగుడు జిల్లాలో ఎవరికున్నాడు?"

"ఉన్నప్పుడు ఏనాడన్నా టయానికొచ్చాడా?"

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు నవ్వారు. సౌభాగ్యమ్మ నవ్వలేదు. కొత్త ప్రోగ్రాము పెట్టి తన పేరు ఎక్కించమని అర్జీ ఇచ్చింది.

పోయినవాళ్లు పాల పూటకే వస్తారు కాబట్టి పాలకవర్గం సమావేశాన్ని సాయంత్రం పాలకు కాస్త ముందు పెట్టారు. ప్రోగ్రాము ఆగి ఉన్నా వాళ్లు వచ్చారు. పొద్దున పాత కంప్యూటర్‌లోనే అంకమరావు 'సాయంత్రం' అని కొట్టి ఉంచాడు. పాలకవర్గంలో ఎక్కువమంది పోయినవాళ్లే. పాత ప్రోగ్రామే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పిచ్చయ్య కూడా చెయ్యెత్తాడు.

నస్రీన్ కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ ఉన్నట్టు ఏర్పాటు చేసింది. ప్రోగ్రాము తానింకా పాతదానిలోనే ఉన్నాననుకుంటుంది. అనుకుంటే చాలు, నడుస్తుంది. ఊరికి ఇది విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఒంగోలు బయల్దేరేముందు ఆమె సౌభాగ్యమ్మ పేరు కొట్టి చూసింది. సభ్యుల సంఖ్య నిండిందనీ, ఎవరైనా ఖాళీ చేస్తే చేర్చుకుంటాననీ ప్రోగ్రాము చెప్పింది.

ఆ పూట వరస మామూలుగా కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. చూడటానికి వచ్చిన పక్క ఊరి సెక్రటరీ క్యానుతో నిలబడిన సౌభాగ్యమ్మను అడిగాడు.

"నువ్వు సభ్యురాలివా అమ్మా?"

సౌభాగ్యమ్మ కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"పిచ్చయ్యగారి తాలూకు," అంది. "ఒక్క పూట మానలేదు."

క్యాను భర్తకు అందించి, పిడి తడిగా ఉందని చెప్పింది.

"మరి ఈమె పేరు ఇందులో?" అని పక్క ఊరి సెక్రటరీ అంకమరావును అడిగాడు.

"లేదు," అన్నాడు అంకమరావు, తెర వైపు చూస్తూ.

ఎప్పుడొస్తుందని ప్రోగ్రాము అడగలేదు.