గురుస్వామి తాగుడు మానిన వైనం

గురువారం పొద్దున గురుస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి బస్సుకు జిల్లా కచేరీకి పోవాలి, డ్రైవరు లైసెన్సు తెచ్చుకోవాలి, పొద్దుగూకేలోగా తిరిగి పత్తికొండ చేరి బస్సు యజమాని పెద్దన్నకు చూపించాలి. సోమవారం పెద్దన్న బస్సు అహోబిలం తిరునాళ్ళకు బయలుదేరుతుంది. ఆలోగా లైసెన్సు రాకపోతే సీటు ఇంకొకరిది.

"ఆర్నెల్లు నేనే తోలుకొని నీ సీటు ఆపినా," అని పెద్దన్న ముందే తేల్చి చెప్పాడు. "ఈ తాలూకాలో తాగని డ్రైవరు నువ్వొక్కడివేనని ఆపినా. సోమారం దాటితే నా చేతిలో లేదప్పా."

ఇంతకీ లైసెన్సు ఎలా పోయిందంటే, యుద్ధం పుణ్యమా అని పోయింది. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించి, ఆ గ్యాసుతోనే నడిపిన రోజులవి. నిరుడు గురుస్వామి నిజాం ఇలాకాలో పెద్దన్న బస్సు నడుపుతూ, సరిగా మండని పొయ్యిలోకి తల దూర్చి చూశాడు. ఆ పొగకు కళ్ళు తిరిగి, తూలుకుంటూ పోయి సంతలో వంకాయల గంప మీద పడ్డాడు. గంప పక్కనే పోలీసు అమీను బేరమాడుతున్నాడు. తాగి బండి నడిపాడని లైసెన్సు గుంజుకుని, ఆరు నెలలు బండి ముట్టరాదని ఉర్దూలో కాగితం రాసి చేతిలో పెట్టాడు. ముప్పై అయిదేళ్ళ వయసులో కల్లు చుక్క నాలుక మీద వేసుకోని మనిషి గురుస్వామి. ఆ మాట వినే తీరిక ఎవడికుంది?

కచేరీ గుమాస్తాకు అసలే లేదు.

"తాగుడు మానినట్టు మీ ఊరి మునసబు చేత కాగితం రాయించుకొని రా."

"సామీ, నేను తాగనే తాగను. మానేదానికి ఏముండాది?"

"ఈ కాగితంలో తాగినావని ఉండాదే?"

"అది పొగ సామీ!"

"పొగయితే ఈ కాగితం తప్పు. తప్పయితే నిజాం ఇలాకాకు పోయి అర్జీ పెట్టుకో, రెండేండ్లు పడుతుంది. తాగినా, మానినా అంటే శనివారమే లైసెన్సు. నీకేది కావాల?"

గురుస్వామికి ఒళ్ళు మండింది. ఏ పాపమూ ఎరగనివాడు పాపం ఒప్పుకుంటే గానీ పని జరగదట! కానీ సోమవారం దగ్గరికొస్తోంది. "మానినా సామీ," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

శుక్రవారం మునసబు ఓబన్న దగ్గరికి వెళితే ఆయన ఇంకో మెలిక పెట్టాడు.

"మానినాడని నేనెట్ల రాసేదప్పా? మానాలంటే ముందు తాగిండాల. తాగంగ ఎవరన్నా చూసిండాల. సర్కారు కాగితం మీద అబద్ధం రాస్తే నా మునసబుగిరీ ఊడుతుంది. కల్లంగడి సుంకప్పనడుగు. వాడు చూసినానంటే రాస్తా."

సుంకప్ప ఇంకా నిజాయితీపరుడు.

"నా అంగడి మెట్టు నువ్వెప్పుడెక్కినావు? కల్లులో నీళ్ళు కలుపుతా గానీ అబద్ధం చెప్పను," అన్నాడు. కాసేపు ఆలోచించి, జాలిపడి, దారి కూడా చూపించాడు. "ఒక పని చెయ్. ముంత పట్టుకొని గంటసేపు ఈడ కూచో. తాగొద్దులే. ఎవరడిగినా చూసినానని చెప్తా."

గురుస్వామి ముక్కు మూసుకుని బల్ల మీద కూర్చున్నాడు. రోజూ కూర్చునేవాడయితే ఎవడూ తిరిగి చూడడు. గురుస్వామి కూర్చున్నాడంటే వింత! బజారు బజారంతా ఒకసారి అంగడి ముందు నుంచి నడిచి పోయింది. కబురు ఇంటికి చేరేసరికి ఒక ముంత నాలుగయింది, నాలుగో ముంతకు గురుస్వామి పాట కూడా ఎత్తుకున్నాడు.

భార్య ఉరుకుందమ్మ చేతిలో ఉన్న చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యో! పొగ అంటివే! ఆర్నెల్లు వంకాయల గంప కత చెప్తివే! ఆ పోలీసోళ్ళే నిజం చెప్పినారు గదయ్యా!"

"అరవొద్దే! ఇదంతా లైసెన్సు కోసం!"

"తాగేదానికి గూడా లైసెన్సు కావాల్నా?"

"నేను తాగలేదే, కావాలంటే సుంకప్పనడుగు!"

సుంకప్ప మాట మీద నిలబడే మనిషి. ఇచ్చిన మాట ప్రకారం ముందుకొచ్చి, "తాగినాడక్కా, నా కండ్లతో చూసినా," అన్నాడు.

ఆ తర్వాత చీపురు చేసిన పని చెప్పడం మర్యాద కాదు. ఉరుకుందమ్మ మొగుణ్ణి రెక్క పట్టుకుని నేరుగా మునసబు ఇంటికి లాక్కుపోయింది. అరచేతిలో కర్పూరం వెలిగించి, ఈరన్నసామి మీద ఒట్టు వేయించింది. ఎన్నడూ ముట్టనిదాన్ని ఇక ముట్టనని ఒట్టేసి, గురుస్వామి అరచెయ్యి కాల్చుకున్నాడు. ఓబన్న మాత్రం సంతోషంగా కాగితం తీశాడు. ఊరంతా చూడగా తాగాడనీ, భార్య ధాటికి తన ఎదుటే మానాడనీ, ఆమె పక్కనున్నంత వరకు ఏ భయమూ లేదనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

శనివారం గుమాస్తా ఆ కాగితం చదివి, "ఇదీ పద్ధతి," అని మెచ్చుకుని లైసెన్సు ఇప్పించాడు.

గురుస్వామి ఎగురుకుంటూ పెద్దన్న ముందు నిలబడ్డాడు. పెద్దన్న లైసెన్సు వైపు చూడనే లేదు.

"తాగనోడని సీటు ఆపినా. నువ్వేమో కల్లంగడిలో పాటలు పాడుతాండావు. బస్సునిండా ఆడోళ్ళు, పిల్లోళ్ళు ఎక్కుతారప్పా. నీ చేతికెట్ల ఇచ్చేది?"

గురుస్వామికి ఏడుపొచ్చింది. లైసెన్సు లేనప్పుడు సీటు ఉంది, లైసెన్సు వచ్చాక సీటు పోయింది. ఏమీ తోచక జేబులో ఉన్న మునసబు కాగితం నకలు తీసి ఇచ్చాడు. పెద్దన్న దాన్ని రెండుసార్లు చదివాడు. చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఇది బాగుండాది. అయితే ఆయమ్మను గూడా బస్సెక్కించు."

సోమవారం బస్సు వేళకే కదిలింది. లైసెన్సు గురుస్వామి పేరు మీద ఉంది. బస్సు మాత్రం, తిరునాళ్ళు దాటి ఏడాదయినా, ఉరుకుందమ్మ చెప్పిన చోటే ఆగుతోంది.