సెంగ్‌కాంగ్‌లో ఫిలిప్పీన్స్ రాజ్యాంగం

మన ప్రవాసులుండే సెంగ్‌కాంగ్ పేటలోని తెలుగు వికాస వేదికకు ఇకమీదట రాజ్యాంగం ఉంటుందని అధ్యక్షులు సుధాకరరావు గారు గత ఆదివారం ప్రకటించారు. అదీ అల్లాటప్పా రాజ్యాంగం కాదు, ఫిలిప్పీన్స్ మోడల్. వేదిక మీడియా కార్యదర్శిగా ఆ చారిత్రక ఘట్టాన్ని ఫొటోలు తీసే భాగ్యం నాకు దక్కింది కనుక, జరిగింది జరిగినట్టు పాఠకులకు నివేదిస్తున్నాను.

ఆయన ఈమధ్య ఆఫీసు పనిమీద మనీలా వెళ్ళొచ్చారు. అక్కడ డిన్నర్‌లో ఎవరో చెప్పారట, ఒక నియంతను సాగనంపాక ఆ దేశంవాళ్ళు కొత్త రాజ్యాంగం రాసుకున్నారని, అందులో ప్రెసిడెంటుకు ఒక్కటే టర్మని, వారంటు లేకుండా ఎవరి ఇల్లూ సోదా చెయ్యకూడదని. సుధాకరరావు గారు చలించిపోయారు.

"నాకూ ఒక్క టర్మే!" అన్నారు మైకులో.

గంటల లెక్కన అద్దెకు తీసుకున్న హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వేదిక పుట్టినప్పటి నుంచీ ఆయనే అధ్యక్షుడు మరి.

"ఎప్పటి సంది సార్?" అని అడిగారు గీతాంజలి గారు. వరంగల్ మనిషి, బ్యాంకులో ఉద్యోగం, ప్రశ్నలు వేసే అలవాటుంది.

"ఇవాళ్టి నుంచమ్మా. ఇన్నాళ్ళూ రాజ్యాంగమే లేదు కదా. లేని రాజ్యాంగం కింద టర్మెలా లెక్కేస్తాం?"

ఈ లాజిక్‌ను నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను.

ముఖ్య అతిథి మరిసోల్ గారు ఇక్కడి ఒక కంపెనీలో పనిచేసే ఫిలిప్పీన్స్ లాయరు. "మావాళ్ళు ఇది ప్రెసిడెంటు చేతులు కట్టెయ్యడానికి రాసుకున్నారు. ప్రెసిడెంట్లను నమ్మి ఒకసారి దెబ్బతిన్నాం" అన్నారామె ఇంగ్లిష్‌లో.

"ఇంత మంచి ప్రెసిడెంటు తమకు దొరకలేదని మేడం బాధపడుతున్నారు" అని అధ్యక్షులవారు తెలుగులోకి అనువదించారు. ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు కూడా అనువాదానికే చప్పట్లు కొట్టారు.

అంతలో కార్యదర్శి చక్రధర్ వచ్చి ఆయన చెవిలో ఏదో ఊదాడు. అధ్యక్షుడు లేని వాట్సాప్ గ్రూపు ఒకటి రహస్యంగా నడుస్తోందట. ఆయన ముఖం నల్లబడింది.

"అందరి ఫోన్లూ చెక్ చెయ్యాలి."

"జడ్జి ఇచ్చిన వారంటు కావాలి సార్" అన్నారు గీతాంజలి గారు.

"జడ్జినే వేస్తే పోలా!"

వెంటనే తన శ్రీమతి లీలావతి గారిని జడ్జిగా నియమించి, ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేశారు. అటువైపు కుక్కర్ కూత వినిపిస్తోంది. ఫిర్యాదు చేసినవాణ్ణి జడ్జి స్వయంగా, ప్రమాణం చేయించి విచారించాలని, గీతాంజలి గారి అనువాదం వింటున్న మరిసోల్ గారు గుర్తుచేశారు.

"నిజమే చెబుతానని ప్రమాణం చేశారా?" అన్నారు లీలావతి గారు.

"చేశా."

"మొన్న సాయంత్రం జిమ్‌కే వెళ్ళారా?"

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నాను."

"ఇంటికి రండి చెబుతా. వారంటు ఎవరి మీద?"

"అందరి మీదా."

"ఫలానావాళ్ళని ప్రత్యేకంగా చెప్పాలి" అన్నారు మరిసోల్ గారు.

"ప్రత్యేకంగా అందరి మీదా."

మరిసోల్ గారు బ్యాగు తీసుకుని లేచారు. "పాత మనీలా గుర్తొస్తోంది" అంటూ వెళ్ళిపోయారు. పాపం ఇంటిమీద బెంగ అని అధ్యక్షులవారు వివరించారు.

వారంటు వచ్చినట్టేనని అధ్యక్షులవారు ఫోన్ పెట్టేశారు. బిర్యానీ తెచ్చిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా కడిగి, ఫోన్లన్నీ అందులో వేయించి మూత పెట్టారు. ఐదు నిమిషాలు గడవకముందే డబ్బాలో ఒక ఫోను మోగింది. షిప్‌యార్డులో వెల్డింగ్ పనిచేసే కొండయ్య ఉలిక్కిపడి లేచాడు.

"బాబూ, అది నాదండి. ఊర్లో మా ఇంటిదాన్ని పొద్దున్నే ఆసుపత్రిలో సేర్సినారు. నొప్పులొత్తన్నాయంట. ఒక్కసారి మాటాడేసి ఇచ్చేత్తానండి."

"కస్టడీలో ఉన్న వస్తువయ్యా. పరిశీలన పూర్తికావాలి."

"హేబియస్ కార్పస్ అడుగుతున్నా" అన్నారు గీతాంజలి గారు.

"అది నిర్బంధంలో ఉన్న మనుషుల్ని విడిపించడానికమ్మా. ఫోన్లకు వర్తించదు."

ఫోను ఆగి, మళ్ళీ మోగింది. గీతాంజలి గారు ఇక వాదించకుండా నేరుగా డబ్బా దగ్గరికి నడిచారు. సుధాకరరావు గారు మైకు అందుకుని ఎమర్జెన్సీ విధించారు.

"దండయాత్రో తిరుగుబాటో ఉంటేనే పెట్టాలె సార్!"

"ఇది తిరుగుబాటే."

"అయితే కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఎమర్జెన్సీని రద్దు చెయ్యొచ్చు. మేమంతా కాంగ్రెస్సే. ఓటు పెట్టండి!"

"ఎమర్జెన్సీలో ఓటింగేమిటమ్మా, విడ్డూరం కాకపోతే!"

చక్రధర్ వెళ్ళి డబ్బా మూత మీద కూర్చున్నాడు. మూడోసారి ఫోను మోగినప్పుడు అతనితో సహా డబ్బా వణికింది. హాలునిండా చదువుకున్నవాళ్ళం, అందరం కార్పెట్టు చూస్తున్నాం. "మీకు దండం పెడతానండి" అంటూ కొండయ్య ఏడుపు మొదలుపెట్టాడు. నేను ఫొటో తీశాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. గులాబీరంగు టైట్స్ వేసుకున్న ఒక చైనీస్ ఆంటీ, చేతిలో స్పీకరు, వెనకాల జుంబా డాన్సు బృందం.

"అంకుల్, టైమ్ అప్ ఆల్రెడీ లా! నౌ అవర్ బుకింగ్" అంది ఇక్కడివాళ్ళ ఇంగ్లిష్‌లో.

వారంటు లేదు, జడ్జి లేరు, కాంగ్రెస్ లేదు. "సారీ ఆంటీ, సారీ సారీ" అంటూ సుధాకరరావు గారు స్వయంగా కుర్చీలు మడతపెట్టసాగారు. ఆంటీ ఒక్క చూపు చూడగానే చక్రధర్ మూత మీంచి లేచాడు. గీతాంజలి గారు ఫోను తీసి కొండయ్య చేతిలో పెట్టారు.

అతను కారిడార్‌లో గోడకానుకుని ఫోన్ చేశాడు. విన్నాడు. విని మావైపు తిరిగాడు.

"ఆడపిల్లండి. ఇద్దరూ బాగున్నారంట."

అతని వెంటే బయటికొచ్చిన అందరం ఒక్కసారిగా కేకలు వేశాం. గీతాంజలి గారు కళ్ళు తుడుచుకున్నారు. సుధాకరరావు గారు ఛాతీ విరుచుకుని, "మిత్రులారా! ఒక సామాన్యుడికి సకాలంలో ఫోను అందించిన ఘనత మన..." అని మొదలుపెట్టారు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. "అంకుల్! కారిడార్ ఆల్సో కెనాట్ షౌట్ లా!"

"ఓకే ఆంటీ."

తలుపు మూసుకునేదాకా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. తరవాత మమ్మల్నందరినీ దగ్గరికి రమ్మని సైగచేసి, గుసగుసగా ప్రకటించారు.

"ఎమర్జెన్సీ మాత్రం కొనసాగుతుంది."